రాలని బొచ్చు

మా పోనీకి, అంటే మా పొట్టి జాతి గుర్రానికి, అప్పుడు 19 ఏళ్లు. ఎండలు ముదిరాక తోటి గుర్రాలన్నీ నున్నగా నిగనిగలాడుతుంటే, దాని దవడ కిందా కాళ్ల వెనుకా చలికాలపు బొచ్చు ఉంగరాలు తిరిగి అలాగే వేలాడుతుండేది. ముసలితనమని సరిపెట్టుకున్నాను. వీపు మీది కండ కరిగి వెన్నెముక తేలడం, పొట్ట జారడం, నీళ్ల తొట్టి తొందరగా ఖాళీ కావడం, లాయంలో పరిచిన గడ్డి తెల్లవారేసరికి తడిసి ముద్దవడం, ఇవన్నీ నా కళ్లబడుతూనే ఉన్నా, వేటికవే చూశాను గాని ఒకచోట చేర్చి ఆలోచించలేదు.

ఆకులు రాలే కాలం మొదట్లో ఒక ఉదయం అది అడుగు వేయనని మొరాయించింది. ముందుకాళ్లను ముందుకు చాచి, ఒంటి బరువంతా వెనక్కి వేసి నిలబడింది. గిట్టలు వేడిగా ఉన్నాయి. మడమ పైన వేలు పెడితే నాడి గట్టిగా కొట్టుకుంటోంది. లామినైటిస్ అని నాకూ అర్థమైంది. గిట్ట లోపలి ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే పొరలు దెబ్బతినడమే ఆ జబ్బు. వచ్చిన డాక్టరు గారు మాత్రం గిట్టల కన్నా ముందు బొచ్చును చూసి, “ఇది ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందండీ?” అని అడిగారు. నాకు సిగ్గేసింది.

రక్తపరీక్షలో ఏసీటీహెచ్ అనే హార్మోన్ బాగా ఎక్కువగా వచ్చింది. ఆ కాలంలో ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లోనూ అది పెరుగుతుంది కనుక ఆ రుతువు పరిమితులతోనే పోల్చి కుషింగ్స్ అనే హార్మోన్ల జబ్బని తేల్చారు. 1932లో హార్వే కుషింగ్ అనే అమెరికా వైద్యుడు మనుషుల్లో వర్ణించిన జబ్బు పేరే దీనికీ అంటుకుంది గాని, రెండూ ఒకటి కావు. గుర్రాల్లో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి మధ్యభాగాన్ని అదుపులో ఉంచేది డోపమైన్ అనే రసాయనం; దాన్ని అందించే నాడీకణాలు క్షీణించడంతో ఆ భాగం అదుపు తప్పి, హార్మోన్లను మితిమీరి విడుదల చేస్తుంది. రాలని బొచ్చూ, గిట్టల జబ్బూ అలా వచ్చినవే.

డోపమైన్ పని చేసిపెట్టే పెర్గోలైడ్ మాత్రను కిలో బరువుకు 2 మైక్రోగ్రాముల లెక్కన మొదలుపెట్టారు. మొదటి వారం పోనీ మేత సరిగా ముట్టలేదు. మోతాదు తగ్గించి మెల్లగా పెంచాక ఆకలి కుదుటపడింది గాని, మాత్ర మింగించడం నా ప్రాణానికొచ్చింది. నానబెట్టిన దాణా ముద్దలో దాచి పెడితే, ముద్దంతా తిని మాత్రను మాత్రం చెక్కుచెదరకుండా తొట్టి అడుగున వదిలేసేది. పొడి చేయవద్దనీ, చేతికి తొడుగు లేకుండా తాకవద్దనీ డాక్టరు గారు గట్టిగా చెప్పడంతో రోజూ దాని ఓపికతో నా ఓపిక పోటీ పడింది.

మందు గ్రంథిని అదుపు చేస్తుందే గాని గిట్టలను వెంటనే బాగుచేయదు. నొప్పి మందులు, కాళ్ల కింద మందంగా మెత్తటి పరుపు, ఎక్స్‌రే చూసి చెక్కిన గిట్టలు, ఇవన్నీ కావలసి వచ్చాయి. ఇన్సులిన్ కూడా ఎక్కువగా ఉండటంతో పచ్చిక మేపడం పూర్తిగా మాన్పించి, ఎండుగడ్డిని నానబెట్టి, చక్కెర దిగిన ఆ గోధుమరంగు నీళ్లు పారబోసి పెట్టేవాళ్లం. మెత్తటి నేల మీద కుంటకుండా నడవడానికి నెలలు పట్టింది.

తర్వాతి వసంతంలో ఒకనాడు దువ్వుతుంటే మెడ దగ్గరి బొచ్చు గుత్తులుగా ఊడి నా చేతినిండా వచ్చింది; కింద పొట్టి, నల్లటి, మెరిసే వెంట్రుకలు కనిపించాయి. జబ్బు పోలేదు, మాత్ర జీవితాంతం వేయాల్సిందే. ఆకులు రాలే కాలానికి ముందే మళ్లీ రక్తం తీయిస్తాం. మాత్రను మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు తొట్టి అడుగున వదిలేస్తుంది.