వాల్వ్ బాగానే కూర్చుంది, గజ్జ చూశారా?

గుండె కోయకుండా తొడ రక్తనాళంలోంచి వాల్వ్ మార్చే టావి హైదరాబాద్‌లో ఇప్పుడు కొత్తేం కాదు. క్యాథ్‌ల్యాబ్ బయట ఇంట్లోవాళ్లు అడిగేది మాత్రం ఒక్కటే: "వాల్వ్ సరిగ్గా కూర్చుందా డాక్టర్ గారూ?" సూది గుచ్చేది గజ్జలోనే కాబట్టి మొదటి రెండ్రోజులు దాని గురించి కూడా అంతే గట్టిగా అడగాలి.

మణికట్టు నుంచి చేసే యాంజియోగ్రామ్‌కి సాధారణంగా 6 ఫ్రెంచ్ షీత్ (నాళంలోకి దూర్చే గొట్టం, ఫ్రెంచ్ అనేది దాని సైజు కొలత) చాలు, అంటే లోపలి వెడల్పు 2 మి.మీ. వాల్వ్‌కి తరచూ వాడేది 14 ఫ్రెంచ్. లోపల 4.7 మి.మీ., బయట 6 మి.మీ. దాకా. అందుకే ముందుగా సీటీ తీసి కాళ్ల నాళాలు కొలుస్తారు. కొలత ఒక్కటే చూస్తే చాలదు. 6 మి.మీ. మెత్తటి నాళం సాగి దారిస్తుంది, చుట్టూ కాల్షియం పేరుకున్న 6 మి.మీ. నాళం చిరుగుతుంది. ఆడవాళ్లకి నాళాలు సన్నం కాబట్టి ముప్పు ఇంకాస్త ఎక్కువ.

సూది తొడ ఎముక తలకి ఎదురుగా పడాలి. మరీ కిందికి పడితే నాళం రెండుగా చీలే చోట తగిలి, తర్వాత సూడో అన్యూరిజం (నాళం బయటికి కారిన రక్తం గడ్డలా ఉబ్బడం) రావచ్చు. మరీ పైకి పడితే అదుముదామన్నా వెనక ఎముక ఉండదు, రక్తం కడుపు వెనక్కి చేరుతుంది. షీత్ ఎక్కించకముందే చివర్లో రంధ్రం మూయడానికి ప్రోగ్లైడ్ అనే పరికరంతో కుట్లు రెండు, గడియారంలో 10 వైపు ఒకటి, 2 వైపు ఒకటి వేసి ఉంచడం మామూలు. నాళం ముందు గోడలో కాల్షియం ఉంటే ఆ కుట్టు పట్టదు.

కడుపు వెనక రక్తస్రావంతోనే అసలు చిక్కు, గజ్జలో వాపే కనబడదు. పేషెంట్ నడుం నొప్పి అంటారు, పక్కనున్నవాళ్లు "రాత్రంతా వెల్లకిలా పడుకుంటే రాదా మరి" అంటారు. నొప్పితోపాటు బీపీ జారుతుంటే సీటీ తీయాల్సిందే. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందులు వేసుకునేవాళ్లకి రక్తం పోతున్నా నాడి వేగం పెరగకపోవచ్చు. మొదటి హిమోగ్లోబిన్ రిపోర్టు బాగుందని ఊరుకోకూడదు, అది తగ్గడానికి కొన్ని గంటలు పడుతుంది.

పాదం చల్లబడి పాలిపోతే నాళం మూసుకుపోయిందేమో చూడాలి. పాదం మీద నాడి దొరికే చోట ముందే పెన్నుతో గుర్తు పెట్టుకుంటే, నైట్ డ్యూటీ సిస్టర్ వెతుక్కోనక్కర్లేదు.

ఖమ్మం, నల్గొండ వెళ్లేవాళ్లు దారిలో గజ్జ తడిమి చూసుకోండి. ఇంటికెళ్లాక వారం దాకా నీళ్ల బిందెలు ఎత్తొద్దు, గొంతుక్కూర్చోవద్దు. గజ్జలో నాడిలా కొట్టుకునే గడ్డ తగిలితే కాపడం పెట్టొద్దు, నూనె రాసి పిసకొద్దు. డాప్లర్ (రక్తం పారడం చూపే స్కాన్) తీయించండి. సూడో అన్యూరిజం అయితే చాలాసార్లు రక్తం గడ్డకట్టించే థ్రాంబిన్ ఇంజెక్షన్‌తోనే మూసుకుపోతుంది.