పోర్టు సమ్మె నోటీసు, అండమాన్‌లో ఉల్లిపాయలు

వైజాగ్‌లో పెరిగినోళ్ళకి సమ్మె అంటే పెద్ద విషయమేం కాదు. పోర్టు, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, హెచ్‌పీసీఎల్, రైల్వే, ఏ మూలకెళ్ళినా ఒక గవర్నమెంటు సంస్థ ఉంటది, ప్రతి వీధిలో ఒక యూనియన్ లీడర్ ఉంటాడు. మా నాన్నది స్టీల్ ప్లాంటు. 2021 జనవరిలో ప్లాంటుని అమ్మేస్తామని ఢిల్లీ నించి ప్రకటన వచ్చాక కూర్మన్నపాలెం జంక్షన్ శిబిరంలో కూర్చోని ఇల్లు మా కాలనీలో లేదు. సమ్మె రోజంటే ఆయన టిఫిన్ తినేసి వెళ్ళేవాడు, ఎండ ముదిరాక వచ్చి పేపర్ చదువుకునేవాడు, నెలాఖరికి జీతంలో కోత పడేది, అమ్మ దాని గురించి రెండ్రోజులు సణిగేది. ఊళ్ళో జనానికి మహా అయితే బస్సు దొరకదు, ఆటో ఎక్కుతారు, బ్యాంకు మూసుంటే రేపెళ్తారు.

సముద్రం అవతల ఉన్నోళ్ళకి ఆ ఆటో లేదు. ఆ రేపు కూడా లేదు, వాళ్ళ రేపు వారం తర్వాతైనా రావచ్చు, నెల తర్వాతైనా రావచ్చు.

మా అత్తావాళ్ళు ఉండేది పోర్ట్ బ్లెయిర్‌లో. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు, మా చుట్టాల్లో ఇంకా ఎవరికీ నోరు తిరగట్లేదు. అక్కడ మనోళ్ళు తక్కువేం కాదు, 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాష అని రాయించినోళ్ళు సుమారు 13 శాతం, అందులో శ్రీకాకుళం, వైజాగ్ తీరం నించి వేటకనో కూలికనో వెళ్ళి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు బోలెడు. పెళ్ళి సంబంధాలు ఇక్కడివే, పెద్ద ఆపరేషన్ అయితే ఇక్కడికే, పెద్దవాళ్ళు పోతే కర్మకాండకి ఇక్కడికే. ఇన్నిటికీ మధ్యన ఉన్నది 1,200 కిలోమీటర్ల నీళ్ళు, ఓడైతే సుమారు 56 గంటలు, అది కూడా సముద్రం మంచిగా ఉంటే. విమానం ఉంది కదా అంటారు, ఉంది, సెలవుల టైమ్‌లో ఆ టికెట్ రేటు చూశాక నలుగురున్న కుటుంబం ఏం చేస్తదో ఎవరికి వాళ్ళే ఊహించుకోండి. దీవుల్లో ఉండేవాళ్ళకిచ్చే ఐలాండర్ కార్డు మీద బంక్ క్లాస్ టికెట్ సబ్సిడీ రేటుకి వస్తది కాబట్టే సామాన్యులకి ఇంకా ఓడే దిక్కు.

2024 ఆగస్టులో జరిగింది చెప్తాను, ఎందుకంటే ఆ సమ్మె అసలు జరగనే లేదు. దేశంలో 12 మేజర్ పోర్టుల, అంటే కేంద్రం కింద ఉన్న పెద్ద పోర్టుల కార్మికులు 28వ తారీఖు నించి నిరవధిక సమ్మె అని నోటీసిచ్చారు. తప్పేం లేదు, పాత జీతాల ఒప్పందం 2021 డిసెంబరుతోనే అయిపోయింది, రెండున్నరేళ్ళు దాటినా కొత్తది లేదు, ఎవడైనా ఎంతకని ఆగుతాడు. ఇక్కడ మన పేపర్లు రాసింది ఎగుమతులు ఆగిపోతాయి, కంటైనర్లు పేరుకుపోతాయి అని. నాకు మాత్రం మ్యాప్ చూడగానే వేరేది కనపడింది. మెయిన్‌ల్యాండ్ నించి అండమాన్‌కి ప్యాసింజర్ ఓడలు వెళ్ళేది చెన్నై, కోల్‌కతా, వైజాగ్ నించి, ఈ మూడూ మేజర్ పోర్టులే, అంటే సమ్మె మొదలైతే మూడు తలుపులూ ఒకే రోజు మూతపడతాయి.

అత్త ఫోన్ చేసింది. "ఒరే, పోర్టు బందంట కదా, ఎన్ని రోజులేటి?"

"ఇంకా మొదలవ్వలేదత్తా, మాట్లాడుకుంటన్నారంట, అయిపోద్దిలే."

"నీకేట్రా, సంచి పట్టుకుని పూర్ణా మార్కెట్‌కి పోతావు. ఉల్లిపాయల మూట ఇక్కడ సముద్రం దాటి రావాల."

అప్పటికే వాళ్ళ వీధి కొట్లో ఉల్లి, బంగాళాదుంప రేటు పెరిగిందట, సరుకు ఆగక ముందే, ఆగుతుందేమో అన్న మాటకే. అత్త బియ్యం, పప్పు, ఉల్లి తెచ్చి పెట్టుకుంది, మావయ్య షుగర్ మాత్రలు రెండు నెలలకి సరిపడా కొంది, పక్కింటివాళ్ళు కొన్నారు కాబట్టి ఇంకో రెండిళ్ళవాళ్ళు కొన్నారు, అలా ఆ వీధంతా నెల సరుకు ఒకేసారి లాగేసింది. మన రైతుబజారులో కూరగాయలకి ఏం పర్లేదు గానీ అక్కడ ఆలూ ఉల్లి, పప్పు, పెట్రోలు, డీజిలు అన్నీ ఓడ దిగాల్సిందే. కరెంటు కూడా చాలావరకు డీజిల్ జనరేటర్ల మీదే నడుస్తది, అంటే ఫ్యాన్ తిరగాలన్నా ఏదో ఒక రేవులో ఎవరో ఒకరు డ్యూటీకి రావాలి.

27న ఢిల్లీలో ఒప్పందం కుదిరింది, బేసిక్ మీద ఎనిమిదిన్నర శాతం, సమ్మె లేదు. వైజాగ్‌లో అది లోపలి పేజీ వార్త. అత్త ఇంట్లో మాత్రం ఆ ఉల్లిపాయలు సగం మొలకలొచ్చాయి, ఆ తేమకి ఉంటాయేటి.

నిజంగా సమ్మె జరిగితే లెక్క ఇంకోలా ఉంటది. ఇది బయటోళ్ళకి అర్థం కాదు, ఒక్క రోజు సమ్మె అయితే ఒక్క రోజే కదా నష్టం అంటారు. మన పోర్టు ఇన్నర్ హార్బర్ చూసే ఉంటారు, యారాడ కొండ పక్క నించి ఆ సన్న చానల్‌లోకి పెద్ద ఓడ తనంతట తను రాలేదు, దారి చూపే పోర్టు పైలట్ ఎక్కాలి, టగ్గు పడవలు లాగాలి, జెట్టీలో తాళ్ళు కట్టేవాళ్ళుండాలి, సామాను ఎక్కించేవాళ్ళుండాలి. ఆ రోజు వాళ్ళు లేకపోతే ఓడ అవుటర్‌లో లంగరేసి ఆగుద్ది, మర్నాడు బెర్త్, అంటే ఓడ ఆగే చోటు, ఖాళీ ఉండదు ఎందుకంటే ముందు రోజు ఆగిన సరుకు ఓడలన్నీ లైన్‌లో ఉంటాయి. వైజాగ్‌కి ఆ ఓడ వచ్చేదే నెలకొకటి అటూ ఇటూగా, అదే ఓడ తిరిగెళ్ళాక ఇంకో పోర్టుకి పోవాలి, ఇక్కడ రెండ్రోజులు జారితే అక్కడ కూడా జారుద్ది. ఈలోపు మన వన్‌టౌన్ లాడ్జిల్లో పిల్లల్ని, అట్టపెట్టెల్ని వేసుకుని కూర్చున్న కుటుంబాలకి రోజుకి రూము అద్దె, మూడు పూటల హోటల్ తిండి, చాలామందికి టికెట్ కంటే ఇదే ఎక్కువవుద్ది.

పోర్ట్ బ్లెయిర్ వరకైతే ఇంత. దాని అవతల నికోబార్ దీవులు కచ్చల్, తెరెస్సా, కమోర్టా, చివరాఖర్న గ్రేట్ నికోబార్ దీవిలో క్యాంప్‌బెల్ బే. పోర్ట్ బ్లెయిర్ నించి క్యాంప్‌బెల్ బేకి 500 కిలోమీటర్ల పైనే, వైజాగ్ నించి విజయవాడ వెళ్ళి మళ్ళీ వెనక్కి సగం దూరం వచ్చినంత. 1969 నించి మాజీ సైనికుల కుటుంబాలని అక్కడ స్థిరపరిచారు, వాళ్ళలో ఆంధ్రావాళ్ళూ ఉన్నారు. అక్కడ నించి రోగిని పోర్ట్ బ్లెయిర్‌లో జీబీ పంత్ హాస్పిటల్‌కి తేవాలంటే ఓడన్నా ఉండాలి, హెలికాప్టరన్నా ఉండాలి, హెలికాప్టర్‌లో సీట్లు ఎన్నుంటాయో తెలుసు కదా. పోర్ట్ బ్లెయిర్ ఫీనిక్స్ బే జెట్టీలో దీవుల మధ్య తిరిగే లోకల్ ఓడలు ఆగితే ఆ దీవి నిజంగానే దీవి అయిపోద్ది.

ఇక్కడే ఇంకో సంగతి, నాకు చాలా చిరాకు తెప్పించేది. "ప్రైవేటుకి ఇచ్చేస్తే ఈ సమ్మెల గోల ఉండదు" అని వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు రాస్తారు, వాళ్ళు హనీమూన్‌కి హేవ్‌లాక్ వెళ్ళొచ్చిన బ్యాచ్. ప్రైవేటు ఫెర్రీలు ఇప్పటికే ఉన్నాయి, ఏసీ సీట్లు, సమోసా కాఫీ. అవి తిరిగేది ముఖ్యంగా హేవ్‌లాక్, నీల్ దీవులకి, అంటే టూరిస్టులు ఉన్న చోటికి. గవర్నమెంటు బోట్లు ఆగిన రోజు కూడా టూరిస్టు బీచ్‌కి చేరతాడు, తెరెస్సా నించి కాన్పుకి రావాల్సిన అమ్మాయి రాలేదు. వందల కిలోమీటర్లు సబ్సిడీ టికెట్‌కి ఏ ప్రైవేటోడు ఓడ నడుపుతాడు చెప్పండి.

ఇంకోటి, అక్కడ సమ్మె చేసేది ఎవరు? అండమాన్‌లో గవర్నమెంటే పెద్ద యజమాని. కరెంటు డిపార్ట్‌మెంటు, పీడబ్ల్యూడీ, ఓడలు, ఆస్పత్రి, ఇవి కాక ఏళ్ళ తరబడి పర్మనెంట్ అవ్వని డైలీ రేటెడ్ మజ్దూర్లు, డీఆర్‌ఎమ్ అంటారు. మావయ్య కూడా అలాగే మొదలై చాన్నాళ్ళకి పర్మనెంట్ అయ్యాడు. సమ్మె రోజు జెండా పట్టుకున్నది ఆయనే, ఇంటికొచ్చేసరికి గ్యాస్ బండ రాలేదని అత్త చేత తిట్లు తిన్నదీ ఆయనే. అందుకే అక్కడ జనం యూనియన్లని మన టీవీ చర్చల్లోలా బూతులు తిట్టరు, తిడితే సొంత ఇంట్లోవాళ్ళనే తిట్టుకోవాలి. డీఆర్‌ఎమ్ సమ్మె చేయకుండా పర్మనెంట్ అవ్వడం నేనైతే వినలేదు. కాబట్టి దీవుల్లో సమ్మెలు నిషేధించాలి అనే మాటకి నేను ఒప్పుకోను.

మరి ఏం చేయాలి అంటే, నాన్న చెప్పిన మాట ఒకటుంది. స్టీల్ ప్లాంటులో ఎంత గట్టి సమ్మె అయినా కోక్ ఓవెన్ బ్యాటరీ, అంటే బొగ్గుని కోక్ చేసే కొలిమిల వరస, చల్లారనివ్వరు. అది చల్లబడితే లోపల సిలికా ఇటుకలు పగిలిపోతాయి, తర్వాత గెలిచినా నడపడానికి బ్యాటరీ ఉండదు. అందుకని అక్కడ ఎవరుండాలో యూనియన్‌వాళ్ళే ముందు రోజు పేర్లు రాసిచ్చేవాళ్ళట. దీవుల్లో కూడా రోగుల ఓడ, ఆస్పత్రి కరెంటు, డీజిల్ ట్యాంకర్ దింపడం, ఈ మూడిటికీ అలాంటి లిస్టు యూనియన్ల నించే రావాలి. పైనించి ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం, పెట్టి బెదిరిస్తే వచ్చేది కాదు.

ఇంకా పెద్ద తప్పు అటువైపుది. పోర్టుల్లాంటి చోట 14 రోజుల ముందు నోటీసు అనేది 1947 చట్టంలోనే ఉంది, 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌తో అది అన్ని పరిశ్రమలకీ పాకింది. ఆ గడువు ఇచ్చింది కూర్చుని మాట్లాడుకోమని. మరి రెండున్నరేళ్ళు తేలనిది సమ్మెకి సరిగ్గా ఒక్కరోజు ముందు తేలిందంటే అదే ఎనిమిదిన్నర శాతం నెల ముందు ఇవ్వడానికి ఏం అడ్డొచ్చిందో నాకు అర్థం కాదు. ఢిల్లీలో కూర్చున్నోళ్ళకి ఆ గడువంతా బేరానికి పనికొస్తది, అత్తకి బియ్యం మూటలు మోసుకోడానికి.

ఆ పోర్టుల ఒప్పందం 2026 డిసెంబరు 31 వరకే. ఈసారైనా ముందే మొదలెడతారేమో చూడాలి, నాకైతే నమ్మకం లేదు. 2027లో ఓడ మీద అటు వెళ్ళే పని, ఇటు రప్పించుకునే పని ఉన్నోళ్ళు పెళ్ళి ముహూర్తానికి పది రోజుల ముందు చేరేలా టికెట్ చూసుకోండి, పెద్దవాళ్ళ మందులు చెక్-ఇన్ సామాన్లో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి, వన్‌టౌన్‌లో లాడ్జికి మాత్రం ముందే మొత్తం అడ్వాన్స్ కట్టేయకండి.