ఎడమ వెనుక చక్రం

ఆదివారం, హనుమకొండ

రెండు వారాలుగా నా ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారు వెనుక నుంచి వస్తున్న గురగుర శబ్దానికి, ఇంజను శక్తిని వెనుక చక్రాల వైపు మళ్లించే పళ్లచక్రాల జత అయిన క్రౌన్ పినియనే కారణమని నమ్ముతూ వచ్చాను. నిన్న సాయంత్రం సుబేదారి నుంచి కాజీపేట వైపు వెళ్తుండగా, బండి కుడికి తిరిగినప్పుడల్లా ఆ శబ్దం పెరిగి, ఎడమకు తిరిగినప్పుడు దాదాపు ఆగిపోవడం గమనించాక ఆ నమ్మకం సడలింది. మలుపులో బరువు బయటి చక్రం మీదికి వెళ్తుంది కాబట్టి, లోపం ఎడమ చక్రపు బేరింగులోనే ఉండాలి. క్రౌన్‌దే అయితే శబ్దం మలుపుతో కాక, యాక్సిలరేటర్ నొక్కినప్పుడూ వదిలినప్పుడూ మారుతుంది.

కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మా వీధి కాక ఉదయం ఏడింటికే వచ్చారు. బండిని స్టాండ్ల మీద నిలిపి, చక్రం తీసి, కమాన్ పట్టీ ఒత్తిడి తగ్గేలా కింద జాకీ పెట్టి, బ్రేకు పైపు, షాక్ అబ్సార్బరు, కమాన్ చివరి బోల్టు, డిఫరెన్షియల్ (క్రౌన్ పినియన్ ఉండే పెట్టె) పక్కనున్న నాలుగు బోల్టులు విప్పేసరికి తొమ్మిదయింది. అంబాసిడర్ కింద కనిపించే గట్టి గొట్టం లాంటి యాక్సిల్ దీనికి లేదు. డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది, దాని నుంచి చక్రాలకు వెళ్లే ఇరువైపుల రాడ్లు లోపలి చివర క్రాస్ అనే కీలు దగ్గర మాత్రమే వంగుతూ చక్రంతో పాటు లేస్తాయి, దిగుతాయి.

అసలు కష్టం చక్రాన్ని బిగించే హబ్బు తీయడంలో ఉంది. అది రాడ్డు చివర సన్నబడే టేపరు మీద, జారకుండా పట్టే చిన్న కీతో, ఏళ్ల తరబడి బిగుసుకుపోయి కూర్చుంటుంది. నేను నట్టును పూర్తిగా తీయబోతే కాక చెయ్యి పట్టుకున్నారు.

“మొత్తం తియ్యకు బిడ్డా, హబ్బు ఎగిరి మీద పడ్తది. మర కూడ ఖరాబైతది.”

నట్టును రాడ్డు అంచుకు సమంగా ఉంచి, హబ్బును లాగే పుల్లరు బోల్టును ఇద్దరం కలిసి పైపు తొడిగి బిగించాం, నాలుగు సుత్తి దెబ్బలు వేశాం, కొద్దిగా వేడి చేశాం, అది కదలలేదు. దాన్ని అలాగే బిగించి వదిలి, లోపలికి వెళ్లి సర్వపిండి తింటుండగా బయట తుపాకీ పేలినట్లు ఠప్పున మోగింది. కాక మాత్రం ముక్క నోట్లోంచి తీయకుండానే “వచ్చింది” అన్నారు.

విప్పి చూస్తే బయటి బాల్ బేరింగు బాగానే ఉంది. సన్నని సూదుల్లాంటి రోలర్లుండే లోపలి నీడిల్ బేరింగులో గ్రీజు జాడ లేదు, ఇటుక పొడి రంగు తుప్పు మాత్రం చెంచాడు రాలింది. ఈ బేరింగుకు లోపలి రింగు ఉండదు, సూదులు నేరుగా రాడ్డు మీదే దొర్లుతాయి, అందువల్ల బేరింగు పాడైతే రాడ్డు కూడా పోయినట్లే. తుడిచి గోరు నడిపితే ప్రతి గాడి దగ్గరా తట్టుకుంది. గ్రీజు ఎక్కించే నిపుల్ బిగించవలసిన రంధ్రానికి ఉన్న మూత మీద పాత పెయింటు చెక్కుచెదరలేదు. రెండేళ్ల క్రితం ఒక గ్యారేజీలో ఇదే చోట గ్రీజు పెట్టామని బిల్లు వేశారు, నేను మారుమాట లేకుండా చెల్లించాను.

లేత్ మిషన్ అతనికి ఫోన్ చేస్తే, రాడ్డు అరిగిన చోట వెల్డింగ్ పోసి, లేత్ మీద తిప్పి నునుపు చేసి సాయంత్రానికి ఇస్తానన్నాడు. ఖర్చు తక్కువ కాబట్టి నా మనసు అటే మొగ్గింది. కాక ససేమిరా ఒప్పుకోలేదు.

“రైలు యాక్సిల్‌కు వెల్డింగు ముట్టనియ్యం. ఇది గూడ గంతే.”

ఆ వేడికి ఉక్కు గట్టిదనం పోతుందని, పగులు అక్కడే మొదలవుతుందని ఆయన వాదన. ఈ బండిలో చక్రాన్ని పట్టి ఉంచేది ఆ రాడ్డు ఒక్కటే కనుక, అది బేరింగు బయట విరిగితే చక్రం హబ్బుతో సహా ఊడి పోతుంది. ఇక నేను మాట్లాడలేదు.

ట్రయంఫ్ వారు 1962లో స్పిట్‌ఫైర్‌ను తెచ్చినప్పుడు హెరాల్డ్ ఛాసిస్‌నే కుదించి వాడుకున్నారు; ఆ హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో తయారైంది. కరీంనగర్‌లో ఒక మిత్రుడి రేకుల షెడ్డులో ఇంజను లేని స్టాండర్డ్ హెరాల్డ్ ఒకటి పడి ఉంది, దాని రాడ్డు నా బండికి సరిపోవచ్చు. స్టాండర్డ్ వారిదే తర్వాత వచ్చిన గెజెల్ అయితే గట్టి యాక్సిల్ బండి, నాకు పనికిరాదు. రేపు పాత రాడ్డును గోనెసంచిలో చుట్టుకొని బస్సులో వెళ్లి, పొడవు, టేపరు, కీ గాడి పక్కపక్కన పెట్టి కొలిచాకే హెరాల్డ్ రాడ్డును విప్పాలి. దారిలో ఒక గ్రీజు నిపుల్ కూడా కొనాలి.