ఎడమ కాలు ఇంకా మొండికేస్తూనే ఉంది

సైకిల్ మీద 20 నిమిషాలు శాయశక్తులా తొక్కే టెస్ట్‌లో ఈసారి 260 వాట్లు దాటాను. సంతోషమే. కానీ పెడళ్లలోని పవర్ మీటర్ రాసిన ఫైల్ తెరిచి చివరి ఐదు నిమిషాలు చూడగానే మళ్లీ చిరాకు. బ్యాలెన్స్, అంటే మొత్తం పవర్‌లో ఎడమ, కుడి కాళ్ల వాటా, 45/55. అదే 260 దగ్గర ఎడమ కాలు 117 వాట్లు, కుడి కాలు 143. మొదట్లో 49/51తో బాగానే నడిచింది, అలసట రాగానే భారమంతా కుడి కాలి మీదికి జారుతోంది.

ముందు మీటర్‌నే అనుమానించాను. జీరో ఆఫ్‌సెట్ చేసి (బరువు లేనప్పుడు సున్నా చూపేలా సరిచేసి), 172.5 మి.మీ. క్రాంక్‌ను (పెడల్ బిగించిన కడ్డీని) నేలకు సమాంతరంగా పెట్టి, ఒక్కో పెడల్‌కు 10 కిలోలు వేలాడదీశాను. టార్క్ (తిప్పే బలం) 16.9 న్యూటన్ మీటర్లు రావాలి. ఎడమ 16.8, కుడి 17.0. ఈ తేడాకు బ్యాలెన్స్ అర శాతం కూడా కదలదు.

తర్వాత ఎడమ క్లీట్ (బూటును పెడల్‌కు బిగించే ముక్క) కింద 3 మి.మీ. షిమ్ (ఎత్తు పెంచే పలక) వేశాను. అంకె కదల్లేదు సరికదా, మోకాలి ముందు నొప్పి మొదలైంది, తీసేశాను. క్లీట్ 4 మి.మీ. వెనక్కి జరిపితే పాదానికి హాయిగా ఉంది, అంతే. జిమ్‌లో ఒంటికాలి లెగ్ ప్రెస్ చేస్తే రెండు కాళ్లూ ఒకే బరువు లేపుతున్నాయి. మరి బలహీనత ఎక్కడ?

టార్క్ ఎఫెక్టివ్‌నెస్ (ముందుకు తోసిన పవర్‌లో, వెనక్కి లాగినది పోగా మిగిలే శాతం) చూశాక కాస్త వెలుగు కనపడింది. 200 వాట్ల దగ్గర 46.5/53.5, అంటే ఎడమ 93, కుడి 107. ఎఫెక్టివ్‌నెస్ ఎడమ 68 శాతం, కుడి 78. లెక్క వేస్తే రెండు కాళ్లూ తొక్కుతున్నది దాదాపు చెరో 137 వాట్లే! తేడా అంతా పెడల్ పైకి వచ్చేటప్పుడే. ఎడమ పాదం బరువుగా వేలాడుతూ 44 వాట్లు తినేస్తోంది, కుడిది 30. అదే 200 వాట్లకు 75 ఆర్‌పీఎంలో (నిమిషానికి పెడల్ చుట్లు) 48/52 వస్తోంది, 100లో 45.5/54.5. ఒంటికాలితో తొక్కితే కుడి వైపు చప్పుడే ఉండదు. ఎడమ వైపు పెడల్ పైకొచ్చే చోట చైన్ వదులై టక్‌మంటోంది. సాడిల్ (సీటు) కవర్ కూడా కుడి అంచు దగ్గరే నున్నగా అరిగింది. నడుము కుడికి వాలితే ఎడమ కాలికి సాడిల్ ఎత్తయినట్టే కదా, అందుకే అలసినప్పుడు ముదురుతోందని నా అనుమానం.

ఈ గొడవంతా పెడల్ మీటర్ల వల్లే బయటపడింది. క్వార్క్, ఎస్‌ఆర్‌ఎం లాంటి స్పైడర్ మీటర్లు (క్రాంక్‌ను పళ్ల చక్రానికి కలిపే చోట కొలిచేవి) మొత్తం పవర్‌కు బంగారం, కానీ బ్యాలెన్స్‌కు నేను వాటిని నమ్మను. ఏ కాలు కిందికి దిగుతుంటే ఆ సగం చుట్టు దాని ఖాతాలోకే పోతుంది, రెండో కాలు ఎత్తిందో లాగిందో తెలియదు. ఎడమ వైపే కొలిచి రెట్టింపు చేసే మీటర్ అయితే నా చివరి ఐదు నిమిషాలను 234 వాట్లు అనేది! డబ్బు ఉంటే ఫావెరో అసియోమా డ్యుయో పెడల్ మీటర్లు, లేకపోతే హార్ట్ రేట్‌తో సరిపెట్టుకోవడం మేలు.

50/50 మీద నాకేం మోజు లేదు. 48/52తో రేసులు గెలిచేవాళ్లున్నారు. అలసినప్పుడు జారకుంటే చాలు.

ఇప్పుడు సాడిల్ 4 మి.మీ. దించుతున్నాను. ఆ తర్వాత 165 మి.మీ. క్రాంక్. క్రాంక్ తగ్గినంత, అంటే 7.5 మి.మీ., సాడిల్‌ను పెంచితే పైభాగంలో పెడల్ సాడిల్‌కు 15 మి.మీ. దూరమవుతుంది, మోకాలు అంతగా లేవక్కర్లేదు, ఎడమ తుంటికి ఊపిరాడుతుంది. 200 వాట్లు, 100 ఆర్‌పీఎంలో ఎడమ 47 దాటితే వెంటనే టెస్ట్ పెడతాను. లేదంటే 143 మి.మీ. వెడల్పు సాడిల్ తీసేసి 155ది వేస్తాను.