క్లోజింగ్ ర్యాంకుల పట్టికలో మన వరుస ఏది?

గత జూన్‌లో మా బావగారు ఖమ్మం నుంచి వచ్చి, ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా ప్రకటించిన అంతకు ముందటేటి క్లోజింగ్ ర్యాంకుల (ఒక్కో బ్రాంచీలో చివరి సీటు ఏ ర్యాంకు దాకా వచ్చిందో చెప్పే అంకెల) పట్టికను ప్రింటు తీయించిన కాగితాలు నా ముందు పరిచారు. వరంగల్ ఎన్ఐటీ ఉన్న పేజీలో తెలంగాణ కోటా వరుసల కిందంతా ఎర్ర సిరా గీతలు. మా మేనకోడలి జేఈఈ మెయిన్ ర్యాంకుకు వాటిలో రెండు మూడు బ్రాంచీలు వస్తాయని ఆయన లెక్క వేసుకున్నారు.

పాప పదో తరగతి దాకా ఖమ్మంలోనే చదివినా, ఇంటర్ మాత్రం విజయవాడలో హాస్టల్లో ఉండి చదివింది. ఎన్ఐటీలలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి కేటాయిస్తారు గాని, ఇల్లు ఎక్కడుందో చూడరు, ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసయ్యారో చూస్తారు. ఆ ప్రకారం ఆమెకు సొంత రాష్ట్రపు ఎన్ఐటీ తాడేపల్లిగూడెంలోది. వరంగల్‌లో ఆమె ఇతర రాష్ట్రాల కోటాలో పోటీ పడాలి. గీతలు గీసిన వరుసలేవీ మనవి కావని చెప్పడానికి నాకు చాలా కష్టమైంది.

అవకాశాన్ని అంచనా వేయడంలో నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఇలా పక్క వరుస చదవడం వల్ల వచ్చినవే. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ వరుసల్లో ఉండేవి ఆయా కేటగిరీ ర్యాంకులు. వాటిని జనరల్ ర్యాంకుతో పోల్చుకుని వచ్చే సీటును కూడా రాదనుకుని వదిలేసిన కుటుంబాలు నాకు తెలుసు. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్రపు ఓబీసీ జాబితాలో ఉండదు కనుక దాన్ని ముందే సరిచూసుకోవాలి. ఆడపిల్లలకు ప్రత్యేకించిన సీట్ల వరుస వేరుగా ఉంటుంది. మొదటి రౌండు ర్యాంకులు చూసి బెంగపడటం కూడా తగదు, ఎందుకంటే సీట్లు వదులుకునేవారి వల్ల చివరి రౌండుకు ర్యాంకు చాలాసార్లు వెనక్కి జరుగుతుంది.

వరుస సరిగ్గా దొరికాక కూడా ఒక్క ఏడాది అంకెతో తేల్చకూడదు. సీట్లు పెరిగినా, ఒక బ్రాంచీ మీద మోజు మారినా అది కదులుతుంది. మూడేళ్ల అంకెలు పక్కపక్కన రాసుకుంటే ఎంత కదులుతుందో కొంత తెలుస్తుంది. డబ్బు తీసుకుని "మీకు డెబ్బై శాతం ఛాన్స్" అని చెప్పేవారి మాట నేను నమ్మను.

బావగారు ఎంతకీ ఒప్పుకోని మాట మరొకటి ఉంది. వరంగల్ కంప్యూటర్ సైన్స్ మొదటి ఆప్షన్‌గా పెడితే ఆ ఆశకు కింది సీటు కూడా పోతుందని ఆయన భయం. ర్యాంకు క్రమంలో ఒక్కొక్కరి జాబితాను పైనుంచి చూస్తూ వచ్చి, అందే మొదటి సీటునే ఇస్తారు. పైన అందనిది రాసినందువల్ల కిందిదానికి నష్టమేమీ లేదు. అందుచేత పైభాగమంతా పిల్ల ఇష్టప్రకారమే నింపవచ్చు, అంచనా నిజంగా అవసరమయ్యేది జాబితా అడుగున, తప్పకుండా వస్తుందనుకునే సీట్ల దగ్గర.

ఆ రాత్రి పాప చేతే ఆప్షన్లు పెట్టించాను. మొదట వరంగల్ కంప్యూటర్ సైన్స్, అడుగున మూడేళ్లుగా ఆమె ర్యాంకుకు బాగా వెనక ముగుస్తున్న తాడేపల్లిగూడెం బ్రాంచీలు. మూడో రౌండులో ఆమెకు తాడేపల్లిగూడెంలో ఎలక్ట్రానిక్స్ వచ్చింది. ఆ వరుస బావగారి కాగితాల్లో అసలు లేదు, ఆయన ఆ పేజీలు ప్రింటే తీయించలేదు.