ఎంతమందిలో? కూతుర్ని అప్పగించే ముందు కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌ని అంచనా వేయడం

మన ఊళ్లలో కార్పొరేట్ కాలేజీల హోర్డింగుల మీద టాప్ ర్యాంకర్ల ఫొటోలుంటాయి. ఆ ఏడాది ఎంతమంది చేరారో, ఎంతమంది మధ్యలో మానేశారో మాత్రం ఎక్కడా ఉండదు. అమెరికా యూనివర్సిటీల వెబ్‌సైట్లలో మహిళల బాస్కెట్‌బాల్ కోచ్‌ల పరిచయాలూ అలాగే ఉంటాయి. ఇన్ని గెలుపులు, ఇన్నిసార్లు ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలని నడిపే సంస్థ) టోర్నమెంటు, ఇంతమంది డబ్ల్యూఎన్‌బీఏకి (మహిళల ప్రొఫెషనల్ లీగ్). బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయికి తమ జట్టులో చేరమని కాలేజీ కోచ్‌ల నుంచి ఫోన్లు మొదలైతే ఆ పేజీ చూసి మురిసిపోవడం సహజం. కానీ నాలుగేళ్లు వాళ్ల చేతిలో పెట్టేది మన పిల్లని. అందుకే ప్రతి అంకె పక్కనా "ఎంతమందిలో?" అని అడగాలి.

గెలుపులు పనికిరావని కాదు, వాటిని చదవడానికి ఓ పద్ధతి ఉంది. కోచ్ జీనో ఆరియెమా యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ)లో మొదటి సీజన్ (1985-86) లెక్క 12 గెలుపులు, 15 ఓటములు. ఇప్పుడు ఆయన పేరు మీద 12 జాతీయ టైటిళ్లున్నాయి. డాన్ స్టేలీ 2008లో సౌత్ కరోలినా యూనివర్సిటీకి కోచ్‌గా వచ్చినప్పుడు మొదటి ఏడాది 10-18 (10 గెలుపులు, 18 ఓటములు). అదే టీము 2023-24లో 38-0తో టైటిల్ కొట్టింది. కొత్త కోచ్ మొదటి రెండు మూడేళ్లు ఆడించేది పాత కోచ్ తెచ్చిన పిల్లలనే. అందుకని తను స్వయంగా ఎంచుకున్న అమ్మాయిలు మూడో, నాలుగో ఏడాదికి వచ్చాకే గెలుపోటములు కోచ్ ఖాతాలో వేయాలి. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఈ గడువు కొంత తగ్గింది కానీ పోలేదు.

చేతిలో ఏముందన్నది కూడా చూడాలి. ప్రిన్స్‌టన్ 2014-15లో కోర్ట్నీ బ్యాంగ్‌హార్ట్ కోచింగ్‌లో రెగ్యులర్ సీజన్ 30-0తో ముగించింది. ప్రిన్స్‌టన్ ఆడే ఐవీ లీగ్‌లో ఆట స్కాలర్‌షిప్పులే ఉండవు. అయినా ఎన్‌సీఏఏ టోర్నమెంటు కమిటీ ఆ టీముకి ఇచ్చింది ఎనిమిదో సీడ్ (బలాన్ని బట్టి ఇచ్చే స్థానం, ఒకటి అన్నిటికన్నా మెరుగు), ఎందుకంటే ఎదురుపడిన జట్లు బలమైనవి కావని. ఒక టీము బడ్జెట్టునీ, కోచ్‌ల సగటు జీతాలనీ అమెరికా విద్యాశాఖవారి ఈక్విటీ ఇన్ అథ్లెటిక్స్ డేటాలో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పోల్చాల్సింది అదే కాన్ఫరెన్స్‌లోని (ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు) మిగతా టీములతో. ఖర్చులో అడుగున ఉండి పట్టికలో మధ్యలో నిలబడే కోచ్, డబ్బులో మొదట ఉండి మూడో స్థానంలో నిలిచే కోచ్ కంటే మెరుగని నా అభిప్రాయం.

నవంబరు మ్యాచ్‌లని విడిగా చూడండి. డివిజన్ 1 పై స్థాయి; దాని కిందివైన డివిజన్ 2, 3 జట్లని సొంత కోర్టుకి పిలిచి ఓడించి లెక్క పెంచుకోవడం మామూలే. 2020-21 నుంచి మహిళల ఆటలోనూ ఎన్‌సీఏఏ నెట్ (NET) అనే ర్యాంకింగ్ వాడుతోంది. అది ప్రత్యర్థి బలాన్నీ, మ్యాచ్ ఎక్కడ జరిగిందన్నదాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. ఇంకా లోతుగా వెళ్లాలంటే వంద పొసెషన్లకి (బంతి చేతికొచ్చిన అవకాశాలకి) ఎన్ని పాయింట్లు అన్నది చూడాలి. వేసిన షాట్లలోంచి అఫెన్సివ్ రీబౌండ్లు (తమ షాట్ తప్పినా తామే తిరిగి అందుకున్న బంతులు) తీసేసి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే పోగొట్టుకున్న బంతులు) కలిపి, వేసిన ఫ్రీత్రోల (ఫౌల్‌కి దొరికే షాట్లు) సంఖ్యని 0.475తో గుణించి కలిపితే పొసెషన్లు వస్తాయి. 60 షాట్లు, 10 అఫెన్సివ్ రీబౌండ్లు, 15 టర్నోవర్లు, 20 ఫ్రీత్రోలు అయితే 74.5. ఆ మ్యాచ్‌లో 70 పాయింట్లు వస్తే వందకి 94. వేగంగా ఆడే టీము 80 పాయింట్లు చేసినంత మాత్రాన అఫెన్స్ బాగుందనుకోకూడదని ఈ లెక్క చెబుతుంది. ఒక్క మ్యాచ్‌తో తీర్పు అసలు చెప్పకూడదు. 1998లో పదహారో సీడ్ హార్వర్డ్ మొదటి సీడ్ స్టాన్‌ఫర్డ్‌ని ఓడించింది. టోర్నమెంటుకి ముందే స్టాన్‌ఫర్డ్ ముఖ్యమైన ఇద్దరిని మోకాలి గాయాలకి పోగొట్టుకుంది.

ఇక అసలు లెక్క. ఇది ఎవరూ తయారుచేసి ఇవ్వరు, మనమే ఓ సాయంత్రం కూర్చుని చేసుకోవాలి. టీము సైట్‌లో గత ఐదారేళ్ల రోస్టర్లు (ఆటగాళ్ల జాబితాలు) తీయండి. ఒక్కో ఏడాది చేరిన ఫ్రెష్‌మెన్ (మొదటి ఏడాది విద్యార్థులు) పేర్లు రాసుకుని, మూడేళ్ల తర్వాతి రోస్టర్‌లో ఎవరు మిగిలారో టిక్ పెట్టండి. టిక్ లేని ప్రతి పేరునీ వెతికి, ఎక్కడికి వెళ్లిందో పక్కన రాయండి. ఇక్కడ మూడు తప్పులు జరుగుతాయి. కోచ్ మారిన ఏడాది వెళ్లిపోయినవాళ్లని కొత్త కోచ్ మీద వేయడం మొదటిది. కోవిడ్ కారణంగా 2020-21లో ఆడినవాళ్లకి ఒక ఏడాది అదనంగా దొరికింది కాబట్టి 2024-25 దాకా రోస్టర్లలో ఐదో ఏడాది వాళ్లు కనిపిస్తారు. వాళ్లని మరిచిపోతే లెక్క తప్పుతుంది, ఇది రెండోది. మూడోది అన్నిటికంటే ముఖ్యం: వెళ్లిన వాళ్లందరినీ ఒకే గాటన కట్టడం. డిగ్రీ చేతికొచ్చాక మాస్టర్స్ కోసం వెళ్లిన అమ్మాయి వేరు. చిన్న కాలేజీలో రెండేళ్లు రాటుదేలి పెద్ద కాన్ఫరెన్స్‌కి వెళ్లిందంటే అది ఆ కోచ్ నేర్పిన ఆటకి దొరికిన గుర్తింపు. ఒక్క ఏడాదికే కింది స్థాయికి వెళ్లినవాళ్లు, ఆటే మానేసినవాళ్లు ఏటా ఇద్దరు ముగ్గురున్నారంటే మాత్రం ఆగి ఆలోచించాలి. 2024 నుంచి చదువు అర్హత ఉంటే కాలేజీ ఎన్నిసార్లయినా మారొచ్చు. అందుకని అన్ని టీముల్లోనూ వెళ్లేవాళ్లు పెరిగారు. అదే కాన్ఫరెన్స్‌లో మరో మూడు టీములకి కూడా ఇదే లెక్క వేస్తే తేడా కనిపిస్తుంది.

చదువు విషయంలో ఎన్‌సీఏఏ రెండు అంకెలు ప్రచురిస్తుంది. మొదటిది ఏపీఆర్: ఆటగాళ్లు చదువులో అర్హత నిలుపుకుని కాలేజీలో కొనసాగుతున్నారా అన్నదానికి వెయ్యికి ఇచ్చే మార్కు. 930 కన్నా తగ్గితే పోస్ట్‌సీజన్‌కే దూరమయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి 930 దాటడం గొప్పేమీ కాదు. రెండోది గ్రాడ్యుయేషన్ సక్సెస్ రేట్. ఆరేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లని లెక్కిస్తుంది, చదువులో అర్హత ఉండగానే మధ్యలో వెళ్లినవాళ్లని హారంలోంచి తీసేస్తుంది. టెనెస్సీలో 1974 నుంచి 2012 దాకా 1,098 మ్యాచ్‌లు గెలిచిన ప్యాట్ సమిట్ దగ్గర చివరిదాకా ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ తీసుకుంది. అపురూపమైన రికార్డది. అక్కడ కూడా హారంలో ఉన్నది చివరిదాకా ఆడినవాళ్లే.

మన ఇళ్లలో అసలు గొడవ ఏ డిగ్రీ అన్నది. రోస్టర్‌లో ఒక్కో అమ్మాయి పేరు నొక్కితే మేజర్ (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టు) ఉంటుంది. పదిహేను మందిలో పదిమంది ఒకే మేజర్ అయితే, ప్రాక్టీసు వేళలకి సరిపడేది అదొక్కటేనేమో అడగాలి. ఇంజనీరింగ్, ప్రీమెడ్ ల్యాబులు తరచూ మధ్యాహ్నమే ఉంటాయి. సీజన్‌లో ఆట పని వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు దాటకూడదన్నది డివిజన్ 1 నియమం. కానీ మ్యాచ్ రోజు ఎంతసేపు పట్టినా 3 గంటలే లెక్క, ప్రయాణం అసలు లెక్కలో ఉండదు. "గత నాలుగేళ్లలో ఇంజనీరింగ్ పూర్తిచేసినవాళ్లు ఎందరు? ల్యాబుకీ ప్రాక్టీసుకీ పడకపోతే ఏం చేశారు?" అని అడగండి. పేరుతో సహా జవాబిచ్చే కోచ్ వేరు, "మేం అన్నిటికీ సాయం చేస్తాం" అనే కోచ్ వేరు.

మ్యాచ్‌కి ఐదుగురికీ కలిపి 200 నిమిషాలు. ఏడుగురే 180 తీసుకుంటే మిగతా ఎనిమిదిమందికి 20 మిగులుతాయి. ఒక అమ్మాయి మొదటి ఏడాదినీ మూడో ఏడాదినీ పక్కపక్కన పెట్టి నిమిషాలు, టర్నోవర్లు, ఫ్రీత్రో శాతం చూడండి. అడ్డుకునేవాళ్లు లేని షాట్ ఫ్రీత్రో. అందులో ఏ ఒక్కరూ మెరుగుపడలేదంటే అక్కడ నేర్పేది తక్కువ, ఏరుకొచ్చేది ఎక్కువ. గాయాల సంగతీ అంతే. ఏసీఎల్ (మోకాలిలోని ఒక లిగమెంటు) తెగడం ఆడపిల్లల్లో మగపిల్లల కంటే ఎక్కువ. ఎంతమందికైంది, తిరిగి ఆడొచ్చని చెప్పేది డాక్టరా కోచా అన్నది తప్పక అడగాలి.

అడిగే తీరు మాత్రం మన అలవాటుకి భిన్నం. గురువుని ప్రశ్నించకూడదన్న పెంపకం మనది. అక్కడ ప్రశ్నలు అమ్మాయే అడగాలి, అమ్మానాన్నలు పక్కన కూర్చోవాలి. తండ్రే అంతా మాట్లాడితే, రేపు నిమిషాల కోసం ఫోన్ చేసేదీ ఆయనే అని కోచ్ అనుకుంటారు. క్యాంపస్‌కి వెళ్లినప్పుడు అమ్మాయి స్టార్టర్లతో పాటు బెంచి చివర కూర్చునేవాళ్లతోనూ మాట్లాడాలి. శాకాహారం తినే పిల్లయితే, బయటి ఊళ్లో మ్యాచ్ అయ్యాక రాత్రి పదింటికి ఏం పెడతారని అడగడం చిన్న విషయం కాదు. పిల్లల గురించి ఎంత పట్టించుకుంటారో దాని జవాబులో తెలుస్తుంది. జనవరి అంతా కాన్ఫరెన్స్ మ్యాచ్‌లే కనక సంక్రాంతికి ఇంటికి రావడం ఏ కోచ్ దగ్గరా కుదరదు. దాని గురించి బేరమాడకండి.

డివిజన్ 3లో ఆట స్కాలర్‌షిప్పులుండవు కానీ తీసిపారేయొద్దు. న్యూయార్క్ యూనివర్సిటీ అమ్మాయిలు 2024, 2025 రెండేళ్లూ ఓటమి లేకుండా ఆ టైటిల్ గెలిచారు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న అమ్మాయికి పనిచేసే అనుమతి లేదు, ఇరవై ఒకటి నిండితే ఆ వీసా ఉండదు. 2025 జులై నుంచి యూనివర్సిటీలు క్రీడాకారులకి నేరుగా డబ్బు ఇవ్వగలుగుతున్నాయి. అలాంటి కాగితం ఏదైనా ముందుకొస్తే సంతకానికి ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించాలి. "ముందు లాయర్‌ని అడగండి" అని తనంతట తనే చెప్పే కోచ్‌కి నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను.

చివరగా కోచ్ కాంట్రాక్టు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో అది చాలావరకు అడిగితే దొరికే పత్రం, ప్రైవేటులో దొరకదు. ఎన్నేళ్లు మిగిలింది, బోనస్ దేనికెంత ఉంది అన్నవి చూడండి. టోర్నమెంటు గెలుపుకి ఎంత, పిల్లల చదువుకి ఎంత అన్న తేడాలో యూనివర్సిటీ ఆ కోచ్ నుంచి ఏం కోరుతోందో బయటపడుతుంది. బ్యాంగ్‌హార్ట్ 2019లో ప్రిన్స్‌టన్ వదిలి నార్త్ కరోలినాకి వెళ్లారు. బాగా గెలిచే కోచ్‌ని పెద్ద కాలేజీలు పిలుస్తూనే ఉంటాయి. మన అమ్మాయి డిగ్రీకి నాలుగేళ్లుండి, కోచ్ కాంట్రాక్టుకి ఏడాదే మిగిలితే, ఆ మాట ఎత్తి సూటిగా అడగండి.