ఎర్రగా కారే నీరు

చూసింది రాయాలి గానీ భయపడింది రాయకూడదని మా పైఅధికారి నలుగురి ముందు అన్న మాట వారం రోజులుగా నన్ను వదలడం లేదు.

ఉత్తర సముద్రం అడుగున పరచిన పైపులైన్లను రోబో తీసిన వీడియోలో పరిశీలించడం స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో నా ఉద్యోగం. ఆ రోజు ఒక 24 అంగుళాల పైపుకు ప్రవాహం దిగువ పక్కన ఇసుక పొగలా లేవడం చూసి, వెంటనే అక్కడ రాళ్ళు పోయించాలని నివేదికలో రాశాను. ఆ మాట దాని గురించే.

నర్సంపేట దగ్గరి మా ఊరి చెరువుకు మా నాన్న నీరటి, అంటే కట్టనూ నీటినీ కనిపెట్టుకొని ఉండే మనిషి. "తేటగ కారితే పండుకో బిడ్డా, ఎర్రగ కారితే ఊరిని లేపు" అనేవాడు. మట్టిని మోసుకొచ్చే నీరంటే కట్టకు బుంగ పడుతున్నట్టే. సముద్రంలోనూ జరిగేది అదే. పైపు అడ్డుపడటంతో ఎగువన పీడనం పెరిగి దిగువన తగ్గుతుంది. ఆ తేడాకు నీరు పైపు కింది ఇసుకలోంచి దారి చేసుకొని, చివరకు రేణువులనూ లాక్కుపోతుంది. సందు పడ్డాక అందులో వేగం పెరిగి గుంట లోతవుతుంది, ఆపైన పైపు వెనుక పుట్టే సుడులు మిగిలిన ఇసుకను ఊడ్చేస్తాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగిన తర్వాత, పునాది కింది ఇసుక కొట్టుకుపోవడాన్ని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ ప్రస్తావించిందని చదివినప్పుడు, ఇంత దూరంలో నాకు మొదట గుర్తొచ్చింది మా చెరువు కట్టే.

అధికారి చెప్పినదాంట్లో నిజం ఉంది. నిలకడైన ప్రవాహంలో ఈ గుంట సాధారణంగా పైపు వ్యాసంలో సుమారు 0.6 వంతు లోతు దగ్గర ఆగుతుంది. సందు రెండు కొసల ఇసుక కూడా జారితే పైపే మెల్లగా గుంటలోకి దిగి పూడుకుపోవచ్చు. తొందరపడి రాళ్ళు పోస్తే వాటి అంచుల వద్ద కొత్త కోత మొదలవుతుంది. కట్టకు పడిన బుంగ తనంతట తాను మూసుకోదు కనుక ఈ సంగతి మా నాన్నకు ఎన్నడూ అవసరపడలేదు. అయితే వేలాడే పొడవు పెరిగితే, సుడుల తాకిడికి పైపు ఊగి ఊగి అతుకుల దగ్గర పగుళ్ళు తీస్తుంది. అందుకే ఆ పొడవును కొలవకుండా ఏదీ తేల్చకూడదు.

ఇవన్నీ ఒప్పుకున్నా, దాన్ని భయమనడం మాత్రం ఒప్పుకోలేను. వానాకాలం రాత్రుళ్ళు లాంతరు పట్టుకొని కట్ట పొడుగునా తిరిగిన మనిషిని ఊళ్ళో ఎవరూ పిరికివాడు అనలేదు. ఇక్కడ రోబో మళ్ళీ వెళ్ళేదాకా ఆ పైపు పక్కన ఎవరూ ఉండరు.

నివేదికను తిరగరాశాను: సందు ఎత్తు 11 సెంటీమీటర్లు, పొడవు 9 మీటర్లు. ఆ అంకెల కింద ఇసుక లేచిన సమయాన్నీ ప్రవాహం దిక్కునూ చేర్చి, తదుపరి పరిశీలనను ముందుకు జరపమని కోరాను.